పెనుకొండకు ముందే దొంగ దొరకాలి

పుస్తకంలో చివరి కథ అయిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. మా ప్యాసింజరు మలుగూరు స్టేషన్ దాటుతుండగా లండన్ డిటెక్టివ్ ఆఖరి దొంగను పోలీసులకు అప్పజెప్పాడు. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. నా చుట్టూ కూర్చున్న ముగ్గురూ ఇంకా నా ముఖమే చూస్తున్నారు.

"ఇంక కథలు లేవు. రాసినాయన చనిపోయి చాలా ఏళ్ళయింది," అన్నాను.

"రాసినాయన కదా సచ్చింది," అన్నది నర్సక్క. "దొర బతికే ఉండాడు. ఆఖరు పేజీలో టీ తాగతా కూచున్న్యాడని నువ్వే చదివితివి కదా."

ఆ తర్వాత అయిదారేళ్ళ పాటు నేను చెప్పిన అబద్ధాలన్నిటికీ మొదలు ఆ మాటే.

అవి తొంభైల నడిమి రోజులు. నేను ధర్మవరంలో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన ఉద్యోగం హిందూపురంలో కాబట్టి కాపురమూ అక్కడే. రోజూ పొద్దున ప్యాసింజరెక్కి ధర్మవరం పోవడం, సాయంత్రం తిరిగి రావడం. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన మాది ఒక మూల. నర్సక్క పెనుకొండ ఆసుపత్రిలో పనిచేసేది. నాకంటే పదేళ్ళు పెద్ద, ఇంజెక్షన్ వేసేటప్పుడు కూడా నవ్వించగలిగిన మనిషి. రెండో ఆమె చీరలక్క. పొద్దున ఖాళీ సంచితో ధర్మవరం పోయి మగ్గాల వాళ్ళ దగ్గర పట్టుచీరలు తీసుకుని, సాయంత్రం మూట కట్టుకుని హిందూపురం వచ్చి ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. మూడో ఆమె పూలవ్వ. చిలమత్తూరు వైపు నుంచి తెల్లారేసరికి హిందూపురం చేరి, గంపెడు కనకాంబరాలు రైలెక్కించి, ధర్మవరం చేరేలోపు మాలలు కట్టేసేది.

ఆ పుస్తకం నాకు హిందూపురం బజారులో పాత కాగితాల అంగట్లో దొరికింది. అట్ట లేదు, మొదటి పన్నెండు పేజీలు లేవు, కాబట్టి దాని పేరేమిటో ఇవాళ్టికీ తెలియదు. గ్యాసు దీపాల కాలంలో లండన్లో ఒక డిటెక్టివ్, ఆయన పట్టుకున్న దొంగలు. ఒక రోజు నాలో నేను చదువుకుంటుంటే, "నోరు మెదుపుతాండావు, శబ్దం రాల్యా. గట్టిగా సదువు," అని పూలవ్వ అడిగింది. అట్లా మొదలై మూడు నెలల్లో పుస్తకం అయిపోయింది.

మర్నాడు రైలు కదలగానే మొదలుపెట్టాను. దొరకు లండన్లో దొంగలు అయిపోయారు. చలి పడక దగ్గు పట్టుకుంది. డాక్టరు ఎండ ఉన్న దేశానికి పొమ్మన్నాడు. ఓడెక్కాడు. ఇక నేను సోషల్ టీచర్ని కదా, ఎనిమిదో తరగతి అట్లాసులో ఉన్న రేవులన్నీ వరసగా వేశాను. ఏడెన్‌లో ఒక కేసు, కొలంబోలో రెండు, రంగూన్‌లో టేకు దుంగల గోదాములో ఒకటి, సింగపూర్‌లో తప్పిపోయిన చిలుకది ఒకటి.

దొంగ ఎవరనేది వాళ్ళకు మొదట అంత ముఖ్యం కాదు.

"ఓడలో ఏం తింటాడు?" అని పూలవ్వ.

"రొట్టె, మాంసం."

"నెలంతా అదేనా? కడుపు ఏం కావల్ల? ఆ కొలంబోలో దిగినబ్బుడన్నా ఇంత మజ్జిగన్నం పెట్టిచ్చు."

కొలంబోలో మజ్జిగన్నం పెట్టించాను. దొర తిని ఎనిమిది గంటలు నిద్రపోయాడు. లేచేసరికి దొంగ పారిపోయాడు. కథకు అది బాగానే పనికొచ్చింది.

చీరలక్కకు బట్టల మీద దృష్టి. "ఆ పెద్ద కోటు ఇంకా ఇడవలేదా? రంగూన్‌లో ఉక్క అంటివే. లోపల శమట పట్టి పుండ్లయితాయి." కోటు తీయించాను. భూతద్దం యాడ పెట్టుకుంటాడని అడిగింది. మొలలో దోపుకుంటాడన్నాను.

దొర ఎప్పుడో ఒకప్పుడు మన దిక్కు రావాలని ముగ్గురూ పట్టుబట్టడంతో సింగపూర్ నుంచి మద్రాసుకు తెచ్చి, అక్కడ మెయిలు ఎక్కించాను. అప్పుడు నర్సక్కకు అనుమానం వచ్చింది. "ఈడ దిగితే మాటలెట్ల? ఆయనకి తెలుగు రాదు కదా?"

మాటలు మార్చి చెప్పేందుకు ఒక దుబాసీని పెట్టాను. నర్సక్క సాయిబుల ఇంటి మనిషి కాబట్టి సంతోషిస్తుందని ఆ దుబాసీని హిందూపురం సాయిబుల ఇంటివాడిని చేసి, సినిమాల్లో విన్నంత ఉర్దూ అతని నోట్లో కుక్కాను. జనాబ్ అని ఒకసారి, హుజూర్ అని ఒకసారి. నర్సక్క కాసేపు విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవురు టీచరమ్మా ఇట్ల మాట్లాడేది? మా ఇంట్లో ఎవురికీ రాదు ఈ బాస. మా అత్త నన్ను తిట్టేది కూడా తెలుగులోనే. సంతలో అయితే కన్నడంలో."

ఆ రోజు నుంచి దుబాసీ ఉర్దూ మానేసి, "ఏమప్పా దొరా, యాడికి పోదాం?" అనడం మొదలుపెట్టాడు. వెంటనే కథలు బాగుపడ్డాయి. అది నా తెలివి కాదు.

అసలు చిక్కు పెనుకొండ దగ్గర వచ్చింది. మా దారికి పెనుకొండ సరిగ్గా నడుమ. కొండ మీది కోట కనిపించగానే నర్సక్క లేచి చీర సర్దుకుని, తలుపు దగ్గర నిలబడి అక్కణ్ణించే వినేది. రైలు ఆగేది. దొర అప్పుడే దీపం కింద పాదముద్రలు చూస్తూ ఉండేవాడు. నర్సక్క ప్లాట్‌ఫారం మీద నుంచి కిటికీ దగ్గరకు వచ్చి, "ఎవురో పేరు మాత్రం చెప్పు, మిగతాది సాయంత్రం ఇంటా," అని బతిమాలేది. పేరు చెప్తే మిగిలిన ఇద్దరూ నన్ను ఊరుకోరు. రైలు కదిలేది. ఆమె కిటికీతో పాటు నాలుగడుగులు నడిచి ఆగిపోయేది.

"ఆసుపత్రిలో ఒకాయనకి ఎడమ సెయ్యికి ఏయాల్సిన సూది కుడి సెయ్యికి ఏస్తి," అని ఒక సాయంత్రం చెప్పింది. "ఆ వంటాయనేనా దొంగ అని ఆలోచిస్తా ఉండి. ఇట్ల అయితే కాదు. దొంగ పెనుకొండకు ముందే దొరకల్ల."

సరేనన్నాను. కానీ పెనుకొండలో దొరికితే ధర్మవరం దాకా ఏం చెప్పాలి? మిగిలిన ఇద్దరూ ఇంకో గంట ఖాళీగా కూర్చోవాలి. అందుకని నేను ఒక ఉపాయం చేశాను. ప్రతి కథకూ రెండు ముగింపులు పెట్టాను. పెనుకొండకు ముందు ఒక దొంగ దొరికేవాడు. నర్సక్క తృప్తిగా దిగిపోయేది. రైలు కదలగానే నేను గొంతు సర్దుకుని, "అందరూ అట్లా అనుకున్నారు గానీ..." అనేదాన్ని. చీరలక్కా పూలవ్వా ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. అసలు దొంగ ధర్మవరం ఔటర్ సిగ్నల్ దగ్గర దొరికేవాడు.

దాదాపు నెల రోజులు సాగింది. తర్వాత దొర పెనుకొండకే వచ్చాడు. తెల్లవాళ్ళ కాలంలో అక్కడ ఉండే సబ్ కలెక్టరు బంగళాలో, ఆయన భార్య ముత్యాల దండ పోయింది. పెనుకొండకు ముందు దొంగ వంటవాడు. పెనుకొండ తర్వాత, ఆమె జ్వరం చూడ్డానికి వచ్చిన డాక్టరు. దండను మందు సీసాలో దాచాడు. ఆ సాయంత్రం నర్సక్క ఎక్కగానే పూలవ్వ, "డాట్రు ఎంత పని చేసినాడు సూడు! సీసాలో దాసినాడంట!" అన్నది.

"ఏ డాక్టరు?" అన్నది నర్సక్క.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు.

అంతా బయటపడ్డాక నర్సక్క, "నేను దిగినాక నా ఎనక నా ఆసుపత్రోణ్ణే దొంగని చేసినావా?" అని, తనే నవ్వేసింది. ఇన్నాళ్ళూ ఉత్త వంటవాళ్ళనూ తోటమాలులనూ తనకు అంటగట్టి, పెద్ద దొంగలందరినీ ధర్మవరానికి దాచిపెట్టానని మాత్రం తిట్టింది. రెండు ముగింపులూ మానేస్తానని మాటిచ్చాను.

అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది.

వారం తర్వాత ఒక సాయంత్రం. చీరలక్క మూటలో ఏడు చీరలున్నాయి. నర్సక్క పెనుకొండలో ఎక్కాక, చెల్లెలి పెళ్ళికని వంకాయరంగు చీర ఒకటి విప్పి చూసింది. దొరను మళ్ళీ ఓడెక్కించి నేను అప్పుడు హాంకాంగ్‌లో ఉన్నాను. దొర ఒక పడవ మీద నుంచి ఇంకో పడవ మీదికి దూకుతున్నాడు, నేను రెండు చేతులూ ఊపుతూ ఆ దూకుడు చూపిస్తున్నాను. హిందూపురం దగ్గరపడుతుండగా చీరలక్క మూట తడిమి చూసుకుంది. విప్పింది. ఆరే ఉన్నాయి. వంకాయరంగుది లేదు.

సీట్ల కింద వెతికాం. గంప కింద వెతికాం. దారిలో మా పెట్టెలోంచి దిగినవాళ్ళు ఎవరూ లేరు. చీరలక్క ముఖం పాలిపోయింది. పూలవ్వ నా వైపు తిరిగి, "నువ్వు కనుక్కో," అన్నది. అంత నమ్మకంగా ఎవరూ నన్ను అంతకు ముందు ఏ పనీ అడగలేదు. మా స్కూల్లో సుద్దముక్కల పెట్టె తాళం కూడా నాకు ఇచ్చేవాళ్ళు కాదు.

నేను లేచి నిలబడ్డాను. మూట చేతిలోకి తీసుకుని, దొర ఎట్లా చూస్తాడో అట్లా చూశాను. ముడి వింతగా కనిపించింది. చీరలక్క ఎప్పుడూ వేసేది కుచ్చు ముడి. ఇది చదునుగా, బిగుతుగా, రెండు కొసలూ సమానంగా ఉంది.

"ఈ మూట చీరలక్క కట్టింది కాదు," అన్నాను, కథ చెప్పే గొంతుతోనే. "మధ్యలో ఎవరో విప్పి మళ్ళీ కట్టారు. కట్టినవాళ్ళకు రోజూ కట్లు కట్టే అలవాటుంది."

ఆ మాట పూర్తిగా నోరు దాటాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. పూలవ్వ గంప సర్దుకోవడం ఆపింది. చీరలక్క నర్సక్కను చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"అవును," అన్నది నర్సక్క. "నేనే కట్టినా. మీ అందరి ముందరే కట్టినా. మీరు సేతులు తిప్పతా పడవలు దూకుతాండారు, ఎవురూ నన్ను చూల్యా."

నన్ను ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అన్నది. తన సంచి తీసి సీటు మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, దూది చుట్ట, సగం తిన్న బొరుగుల పొట్లం పడ్డాయి. "చూసుకోండి మేడమ్," అన్నది. నా సంచి ఎవరూ అడగలేదు. డిటెక్టివ్ సంచి ఎవరు వెతుకుతారు?

మర్నాడు నర్సక్క వేరే పెట్టె ఎక్కింది. మా మూలలో ఆ పొద్దున కథ సాగలేదు. హాంకాంగ్‌లో దూకిన దొర ఇంకో పడవ మీద దిగకుండా గాల్లోనే ఉండిపోయాడు.

బడికి పోగానే హెడ్‌మాస్టరు గారు స్టాఫ్‌రూముకు వచ్చి, మూడు నెలల పరీక్ష పేపర్లు దిద్దారా అని అడిగారు. ఒక్కటీ దిద్దలేదు. ముందురోజు తెచ్చుకున్న కట్ట తెచ్చుకున్నట్టే సంచిలో ఉంది. "అయిపోవచ్చాయి సార్," అంటూ కట్ట పట్టుకుని లాగాను. పేపర్లతో పాటు, మడత విప్పుకుంటూ, గజాలు గజాలుగా వంకాయరంగు పట్టుచీర బయటికి వచ్చింది.

హెడ్‌మాస్టరు గారు చీరను చూశారు, నన్ను చూశారు. "పిల్లలెవరైనా మార్కుల కోసం ఇచ్చారా అమ్మా?" అన్నారు మెల్లగా.

సంగతి నాకు అర్థమైంది. నర్సక్క ఆ చీరను నా పక్కన సీటు మీద పెట్టి, మరిచిపోయి మిగతా మూట కట్టింది. నోరు తెరిచి ఉన్న నా సంచి ఆ పక్కనే. పడవ దూకడం చూపిస్తూ నేను చెయ్యి విసిరినప్పుడు అది అందులోకి జారింది. ఇదంతా హెడ్‌మాస్టరు గారికి చెప్పడానికి హాంకాంగ్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన సగంలోనే పూట సెలవు ఇచ్చేశారు.

పెనుకొండ బస్సెక్కాను. ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో దిగడం అదే మొదటిసారి. ఆసుపత్రిలో నర్సక్క గది ముందు ఇరవై మంది వరసలో ఉన్నారు. నేను పక్కనుంచి లోపలికి తొంగిచూస్తే, "చీటీ ఉండాదా?" అన్నది తలెత్తకుండా. లేదన్నాను. "చీటీ తెచ్చుకుని లైన్లో రావల్ల."

చీటీ రాసే గుమాస్తా ఏం జబ్బని అడిగాడు. క్షమాపణ అని చెప్పలేను కదా, జ్వరమన్నాను. ముప్పావు గంట లైన్లో నిలబడ్డాను. నా వంతు రాగానే నర్సక్క నా నోట్లో థర్మామీటరు పెట్టింది.

"నోరు తెరవద్దండి," అన్నది. "ఇప్పుడు నేను మాట్లాడతా. మూడేండ్ల నుంచి మీ పక్కన కూచుంటి. మా ఇంట్లో సేమియా చేస్తే మొదటి గిన్నె మీకు తెస్తి. మా చెల్లెలికి సంబంధం కుదిరితే మా అమ్మ కంటే ముందు మీకు చెప్తి. ఒక ముడి చూసి నన్ను దొంగని చేస్తిరి. ఆ దొర మూడు మైళ్ళ దూరం నుంచి చుట్ట బూడిద చూసి మనిషిని చెప్తాడంట! నన్ను మూడేండ్లు చూసి మీకు తెలీకపాయెనా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట్లో గాజు గొట్టం ఉంది కాబట్టి ఏడవడానికి కూడా వీల్లేదు. ఆమె చెప్పాల్సింది చెప్పుకుని, థర్మామీటరు తీసి వెలుగుకు పట్టి చూసింది.

"జ్వరం ల్యా. ఇప్పుడు చెప్పండి."

నేను సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టాను. "నా సంచిలోనే ఉందక్కా."

నర్సక్క చీరను చూసింది. నా సంచిని చూసింది. "అంటే దొంగ..."

"నేనే."

ఆమె బల్ల మీద చెయ్యి పెట్టుకుని వంగిపోయి నవ్వింది. ఎంతసేపటికీ ఆగలేదు. నా వెనక చేతికి కట్టుతో ఉన్న ముసలాయన, "ఏం దొంగతనమమ్మా? చెప్తే మేమూ ఇంటాం కదా," అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ముందుకొచ్చారు. నర్సక్క సూదులు వేస్తూనే మొదటి నుంచి చెప్పింది, నేను చేతులు తిప్పినట్టు సిరంజి తిప్పుతూ మరీ. నేను మూలన స్టూలు మీద కూర్చుని నా కథ నేనే విన్నాను. ఆమె నాకంటే బాగా చెప్పింది.

సాయంత్రం ఇద్దరం కలిసి రైలెక్కి చీర ఇచ్చేశాం. చీరలక్క దాన్ని గుండెలకు హత్తుకుని, నన్ను ఒక్క మాట అనలేదు. నర్సక్క చెయ్యి పట్టుకుని మాత్రం, "నేనూ నీ దిక్కు చూసినానక్కా, తప్పే," అన్నది. ఆ చీర నర్సక్క చెల్లెలి పెళ్ళికే పోయింది. పూలవ్వ మాత్రం నన్ను వదల్లేదు.

"దొర యాడన్నా ముందుగా తన సంచి ఎతుక్కున్న్యాడా?" అని అడిగింది.

లేదన్నాను.

"అట్లయితే ఆయన పట్టిన దొంగల్లో ఎంతమంది దొంగలు కాదో!"

ఆ ప్రశ్నలోంచే మా కథల్లో మంచివి పుట్టాయి. నర్సక్క చెప్పింది, నేను అల్లాను. హాంకాంగ్‌లో దొర పడవ తప్పి నీళ్ళలో పడ్డాడు. పైకి తీసినవాణ్ణే దొంగ అనుకుని పట్టించాడు. తప్పు తెలిశాక, క్షమాపణ చెప్పడానికి ఆ పడవవాడి గుడిసెకు పోతే, వాడు ముందు చేపల కూర వడ్డించి తర్వాత తిట్టాడు. దుబాసీ ఆ తిట్లన్నీ ఒక్కటీ వదలకుండా తెలుగులోకి మార్చాడు. తిట్ల భాగం పూర్తిగా నర్సక్కదే. అప్పటి నుంచి పొద్దున నేను మొదలుపెట్టేదాన్ని, సాయంత్రం పెనుకొండలో ఎక్కి ఆమె ముగించేది. దొంగ ఎవరో ఆమెకు పగలంతా ఆలోచించుకునే వీలుండేది. రోగులతో కూడా చర్చించేదట.

ఆ కథలు కొన్ని నోటుబుక్కులో రాసి ఒక వారపత్రికకు పంపాను. రెండు నెలలకు తిరిగొచ్చాయి. "మీ డిటెక్టివ్ లండన్ మనిషిలా లేడు, మీ పక్కింటాయనలా ఉన్నాడు," అని ఎర్ర సిరాతో ఒక వాక్యం రాశారు. రైల్లో చదివి వినిపిస్తే ముగ్గురూ చాలా సంతోషించారు. మెచ్చుకున్నారని అనుకున్నారు. నేను సరిదిద్దలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు హిందూపురానికే బదిలీ అయింది. రైలు అవసరం తీరిపోయింది. పూలవ్వ మోకాళ్ళ నొప్పులతో ధర్మవరం మానుకుని చిలమత్తూరు సంతలోనే కూర్చోవడం మొదలుపెట్టింది. నర్సక్కను గోరంట్లకు వేశారు. నోటుబుక్కు ఆమే తీసుకుపోయింది.

కొన్నేళ్ళకు ఒక పెళ్ళికని గోరంట్ల బస్సులో పోతున్నాను. పక్కన కూర్చున్నామె ఆసుపత్రికి పోతోంది. కిటికీలోంచి ఏవో రాళ్ళగుట్టలు చూపించి, "ఈడనే తెల్లదొర పట్టినాడంట దొంగని," అన్నది.

"ఏ దొర?" అన్నాను.

"లండన్ దొర. చైనా అంతా తిరిగి వచ్చినాడంట. శానా తెలివైనోడు, కానీ మజ్జిగన్నం తింటే మాత్రం పడుకుండిపోతాడంట."

నేను ఉండబట్టలేక, "అది కథమ్మా, ఎవరో కల్పించింది," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకేం తెలుసు? మా తాత సిన్నబ్బుడు ఆయన గుర్రానికి నీళ్ళు పెట్టినాడు. నల్లగుర్రం, నొసట తెల్లమచ్చ."

దొరకు నేను ఓడలిచ్చాను, రైలిచ్చాను, ఎద్దులబండి కూడా ఇచ్చాను. గుర్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సింది.